నకలు వద్దన్న డిజైన్ భాయ్

డిజైన్ భాయ్ పోయాడని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను అంగట్లో ఎవరిదో కంప్యూటర్ విప్పి ముందు పెట్టుకుని ఉన్నాను. ఆయన ఆస్పత్రిలో ఉన్నాడని తెలుసు. తిరిగొచ్చి మళ్ళీ నా ప్రాణం తీస్తాడనే అనుకున్నాను. "తెల్లారి పోయినాడన్నా. మధ్యాన్నం నమాజు అయినాక తీసుకపోతారంట" అంది ఆ పిల్ల. విప్పిన స్క్రూలు విప్పినట్టే వదిలి, షట్టర్ దించి, కడప బస్టాండుకు నడిచాను. బస్సులో కూర్చున్నాక కూడా ఏడుపు రాలేదు. ఇంక నన్ను ప్రతిదానికీ "ఎందుకు?" అని అడిగి విసిగించే మనిషి లేడు కదా అనిపించింది, అంతే.

ఆయన్ని ఎరగని వాళ్ళకు కొంచెం చెప్పాలి. కడపకు గంట ప్రయాణంలో ఉన్న ఒక మగ్గాల ఊరు ఆయనది. పట్టుచీరల అంచులకూ కొంగులకూ బొమ్మలు గీయడం ఆయన పని. ఆ బొమ్మ ముందు గళ్ళ కాగితం మీద, ఒక్కో గడిలో రంగు నింపుకుంటూ తయారవుతుంది. దాన్ని చూసి అట్టలకు బొక్కలు కొడతారు. ఆ అట్టలను దారంతో వరసగా కుట్టి మగ్గం మీద వేలాడదీస్తే, అడ్డపోగు దూర్చడానికి నాడె విసిరే ప్రతిసారీ ఏ పోగు లేవాలో, ఏది లేవకూడదో ఒక్కో అట్ట చెబుతుంది. ఊళ్ళో సగం మగ్గాల మీద ఆడేవి భాయ్ అట్టలే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా నాయన పప్పు బెల్లం అమ్మిన అంగట్లోనే నేను కంప్యూటర్లు పెట్టి కూర్చున్నాను. డిగ్రీ అయిన కూతుర్ని వెంటబెట్టుకుని భాయ్ వచ్చాడు. వచ్చిన వాళ్ళు ఎవరైనా మొదట ధర అడుగుతారు. ఈయన కుర్చీలో కూడా కూర్చోకుండా, "ఏమప్పా శెట్టీ, నా ఇంట్లో దీంట్లో బొమ్మ గీస్తే నువ్వు ఈడ కూచోని సూడగలవా?" అన్నాడు. చూడలేను భాయ్ అన్నాను. "ఎందుకు?" అన్నాడు. చెప్పాను. దానికీ ఎందుకన్నాడు. ఆ మధ్యాహ్నం నాకు అన్నం లేదు.

ఆ అనుమానానికి కారణం ఉందని తర్వాత తెలిసింది. బొమ్మలు గీసేవాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. అట్టలు కొట్టడం పూర్తి కాగానే గళ్ళ కాగితం చించి పొయ్యిలో పెట్టాలి. ఆర్డరు చీరలు నేసేశాక నేతగాడు అట్టల కట్ట తెచ్చి అప్పజెప్పాలి. రెండో ప్రతి అనేది ఎక్కడా ఉండకూడదు. "నకలు పుట్టిందంటే అది పక్కూరి మగ్గం ఎక్కుతాది. ఎక్కినాక నా బొమ్మకు నేనే పరాయోణ్ణి" అనేవాడు. కంప్యూటర్ అందుకే ఆయనకు నచ్చింది. కాగితం లేదు, పాస్‌వర్డు ఉంది, తాళం కూతురి చేతిలో ఉంది. పాత బొమ్మలన్నీ దాంట్లోకి ఎక్కించి, తిరిగొచ్చిన అట్టల కట్టలన్నీ పొయ్యిలో పెట్టించాడు.

అలాంటి మనిషికి నేను బ్యాకప్ గురించి చెప్పబోయాను.

ఒకసారి వైరస్ పట్టి ఆయన కంప్యూటర్ మొరాయించింది. బొమ్మలు ఎలాగో దక్కాయి. ఇలాగైతే కుదరదని రెండు రకాల సాఫ్ట్‌వేర్ సీడీలు తీసుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. ఎండాకాలం, ఫ్యాను కింద చాప, లోపలినుంచి నిమ్మకాయ నీళ్ళు. మొదటిది స్నాప్‌షాట్ రకం. అది కంప్యూటర్ లోపలే కూర్చుని, ఇప్పుడు డిస్కు ఎలా ఉందో గుర్తు పెట్టుకుంటుంది. మొత్తం రాసుకోదు. ఆ తర్వాత మారే ముక్కల పాత రూపాన్ని మాత్రం చెరిగిపోకుండా అదే డిస్కులో ఒక మూల కాపాడుతుంది. అందుకే చిటికెలో అయిపోతుంది. ఏదైనా చెడితే నిన్నటికి పొమ్మంటే కంప్యూటర్ నిన్నటికి పోతుంది. రెండోది డిస్క్ ఇమేజింగ్. విండోసు, ప్రోగ్రాములు, బొమ్మలు అన్నీ కలిపి డిస్కు మొత్తాన్ని ఒక పెద్ద ఫైలు చేసి ఇంకో డిస్కు మీద పెడుతుంది. దానికి రెండో డిస్కు కొనాలి, గంటల తరబడి కరెంటు పోకుండా ఉండాలి. మా జిల్లాలో వేసవిలో కరెంటును నమ్ముకోవడమంటే కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమే.

నోటిమాట నమ్మే మనిషా ఆయన! "ముద్ద నోట్లో పెట్టుకుంటే గదప్పా ఉప్పు తెలిసేది. పాపా, ఒక అంచు చెరిపెయ్యి" అన్నాడు కూతురితో. ఆ పిల్ల నా వైపు చూసింది. "ఆయన్ని సూస్తావేం? చెరిపెయ్యమంటి గదా" అని కసిరాడు. చెరిపేసింది. పొద్దున రాగానే నేను ఒక స్నాప్‌షాట్ తీసి ఉంచాను, దాంతో కంప్యూటర్‌ను పొద్దుటికి వెనక్కి తెచ్చాను. అంచు వచ్చింది. కానీ పొద్దున్నించి ఆ పిల్ల గీసిన బుట్టా పోయింది. తిట్లకు సిద్ధపడి కూర్చున్నాను. ఆయన తాపీగా గడ్డం నిమురుకున్నాడు. "నేతలో తప్పు కనపడితే ఆ తప్పు కాడికి విప్పుకుంటా పోవాల. దాని మీద నేసిన మంచి నేత గూడా విప్పక తప్పదు. ఇదీ అంతే గదా?" నేను అరగంట చెప్పినదాన్ని ఆయన అంతలో ముగించాడు.

ఇమేజ్ పని చూపించడానికి నేను తెచ్చుకున్న పాత డిస్కు వాడాను. ఆ రోజు కరెంటు దయ తలచింది. ఇమేజ్ తీశాక ప్రశ్నలు మొదలయ్యాయి. వైరస్ ఉన్నప్పుడు ఇమేజ్ తీస్తే వైరస్ కూడా వస్తుందా? వస్తుంది భాయ్. "మరకతో సహా చీరె మడిచిపెట్టినట్ల." ఒక్క బొమ్మ కావాలంటే మొత్తం వెనక్కి పోవాలా? అక్కర్లేదు, ఇమేజ్ తెరిచి ఆ ఒక్కటే తీసుకోవచ్చు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. డిస్కును చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "అంటే నా బొమ్మలన్నీ దీంట్లో పట్టి, చంకన పెట్టుకొని యాడికైనా పోవచ్చు."

"పోవచ్చు భాయ్. అదే దాని గొప్ప."

"అదే దాని రోగం" అని డిస్కు నా ఒళ్ళో పెట్టి, దాంట్లోది అక్కడికక్కడే చెరిపించాడు. ఆయనకు స్నాప్‌షాటే ఇష్టమైంది. నకలైనా సరే, ఇల్లు దాటని నకలు. పోగు తెగితే అది చాలు గానీ మగ్గమే కాలిపోతే ఏంటి గతి అని నేను ఆయన భాషలోనే వాదించాను. "మగ్గం కాలితే ఊరంతా వచ్చి ఆర్పుతారులే పోప్పా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. సామాన్లు సర్దుకుని వచ్చేశాను. వచ్చే ముందు ఆయన నా సంచిలో నిమ్మకాయలు పోశాడు, అదీ చెప్పాలి.

ఆ రోజుల్లోనే ఆయనకూ వీధి చివరి మగ్గం పెద్దాయనకూ మాటలు పోయాయి. ఆ పెద్దాయన చిన్నప్పటినుంచీ భాయ్ అట్టలే నేశాడు. మామిడిపిందెల అంచు ఆర్డరు అయిపోయాక ఆయన ఆ అట్టలు తిరిగి ఇవ్వలేదు. అడిగితే రేపన్నాడు, ఎల్లుండన్నాడు. అవి పక్కూరికి చేరాయని భాయ్ తీర్మానించుకుని, బజారులో పదిమంది ముందు దొంగ అనేశాడు. పెద్దాయన తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆయన మగ్గానికి భాయ్ మళ్ళీ అట్టలు ఇవ్వలేదు.

తర్వాతి ఏడాది శ్రావణం పెళ్ళిళ్ళకు ముందు భాయ్ డిస్కు చచ్చిపోయింది. నేను వెళ్ళేసరికి లోపల టక్ టక్ మంటోంది. ఆ చప్పుడు విన్న మెకానిక్కు ఇంక చూడాల్సింది ఏమీ ఉండదు. అయినా నాకు తెలిసిన విద్యలన్నీ వాడాను. ఏమీ రాలేదు. దాచిన స్నాప్‌షాట్లన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి, దానితోనే పోయాయి. పెళ్ళి చీరల ఆర్డర్లు ఒప్పుకుని ఉన్నాడు, అట్టలు ఇంకా కొట్టలేదు. నిలువుపోగుల పడుగు ఎక్కించుకుని మగ్గాలు ఎదురుచూస్తున్నాయి. అట్టలు లేకపోతే ఆ సీజనంతా వీధిలో కూలి లేదు, భాయ్ మాటకు విలువా లేదు. అన్నింటికన్నా, ఆయన జీవితమంతా గీసినవి లేవు. నేను చెప్పినట్టే జరిగిందని నాకు ఇసుమంత సంతోషం కూడా కలగలేదు. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని, "ఎందుకప్పా?" అన్నాడు. నేను ఆ డిస్కు విప్పి తీసి ఆయన పక్కన పెట్టాను.

మర్నాడు పొద్దున వీధి చివరి పెద్దాయన వచ్చాడు. నెత్తిన పాత పంచెలో చుట్టిన మూట ఉంది. గడప బయటే దించి విప్పాడు. మామిడిపిందెల అట్టలు. ఒక్క అట్ట నలగలేదు, చెదలు పట్టలేదు.

"నేను యాడికీ ఇయ్యలేదు భాయ్. ఆ అంచు నేస్తాంటే చేతికి శానా బాగుంటాది. మళ్లా నేయిస్తావేమోనని అటక మీద పెట్టుకున్యా" అన్నాడు.

భాయ్ మూటను లోపలికి తెచ్చుకున్నాడు. ఒక అట్ట తీసి కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. ఆ సంగతి వీధిలో పాకింది. మధ్యాహ్నానికి ఒకాయన రుద్రాక్షల అంచు అట్టలు తెచ్చాడు. అవి భాయ్ కొట్టినవి కావు, ఆయనవి చూసి కొట్టుకున్న దొంగ నకలు! ఇంకొకాయన గోపురం కొంగు తెచ్చాడు. అదీ నకలే. సాయంత్రానికి వసారా నిండిపోయింది. ఏళ్ళ తరబడి వేళకు కట్టలు అప్పజెప్పి, నమ్మకస్తులని పేరు తెచ్చుకున్న వాళ్ళంతా రాత్రికి రాత్రి నకళ్ళు కొట్టుకున్న వాళ్ళే. భాయ్ నడుమ్మీద చేతులు పెట్టుకుని అందరినీ వరసగా చూశాడు. "అరే, ఇన్నాళ్లూ నేను దొంగల బజారు నడిపినానే!" అని తిట్టడం మొదలుపెట్టి, మధ్యలో నవ్వు ఆపుకోలేక చాప మీద కూలబడ్డాడు. ఒక్క నకలు కూడా చేసుకోని వాడు, భాయ్ చేత దొంగ అనిపించుకున్న పెద్దాయన ఒక్కడే. ఆ సాయంత్రం భాయ్ ఆ ఇంటికి వెళ్ళి, మగ్గం గుంట గట్టు మీద కూర్చుని, "తప్పు నాదే" అని చెప్పి వచ్చాడు.

తర్వాత మేము అట్టల్ని చదివాం. భాయ్ ఒక్కో అట్టను కిటికీకి పట్టి "బొక్క, బొక్క, మూత, బొక్క" అని చెబుతుంటే, కూతురు కొత్త డిస్కులో గడి గడీ నింపింది. ఆయన గొంతు అరిగినప్పుడు నేను చదివాను. గళ్ళలోంచి మామిడిపిందె తోక బయటపడ్డప్పుడు ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. అన్నీ రాలేదు, కానీ శ్రావణానికి మగ్గాలు ఆగలేదు.

ఇమేజ్ కోసం రెండో డిస్కు ఆయనే అడిగి కొన్నాడు. స్నాప్‌షాట్‌ను తీసేయనివ్వలేదు. కూతురు చెయ్యి జారిన ప్రతిసారీ అదే అక్కరకొచ్చేది. ఇమేజ్ మాత్రం నెల నెలా తీయించి, గుడ్డలో చుట్టి వీధి చివరి పెద్దాయన పెట్టెలో పెట్టించేవాడు. కంప్యూటర్ డబ్బా ఒక ఇంట్లో, నకలు ఇంకో ఇంట్లో. అంతటితో వదిలాడా? అప్పుడప్పుడూ ఆ డిస్కు పట్టుకుని నా అంగడికి వచ్చేవాడు. "పెట్టడం కాదప్పా, తీసి సూపించు" అనేవాడు. నా ఖాళీ కంప్యూటర్ మీద దాన్ని ఎక్కించి, ఆయన అంచులు తెర మీద కనిపించేదాకా స్టూలు దిగేవాడు కాదు. వేరే గిరాకీ ఉందని గొణిగేవాణ్ని. ఈ రోజు నా గిరాకీలందరికీ అదే మాట చెబుతున్నాను, తీసి చూశారా అని. అది ఆయన నేర్పిందే.

ఆయన పోయిన నలభయ్యో నాడు చేసే ఫాతెహా ప్రార్థనకు ముందు కూతురు నన్ను పిలిచింది. ఇమేజ్‌లోంచి బొమ్మలన్నీ తీసి, వీధిలో మగ్గానికొకటి చొప్పున సీడీలు కొట్టివ్వమంది. "ఆస్పత్రిలో చెప్పినాడన్నా. ఎవురింట్లో ఉంటే ఏం, ఉంటే సాలు అన్యాడు" అంది. ఆ మాట ఆయన నోట వచ్చిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. సీడీలు కొడుతున్నంతసేపూ కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. డబ్బు తీసుకోలేదు, మా కులానికి తలవంపులైనా సరే.

భోజనాలయ్యాక ఆ పిల్లతో పాటు ఇల్లిల్లూ తిరిగి సీడీలు ఇచ్చాం. చివరి ఇంట్లో పెద్దాయన మగ్గం మీదే ఉన్నాడు. ఆయన ఇంట్లో కంప్యూటర్ లేదు, వచ్చే సూచనా లేదు. సీడీని అటూ ఇటూ తిప్పి, "నా మామిడిపిందెలు ఉండాయా దీంట్లో?" అని అడిగాడు.

"ఉండాయి తాతా. అన్నీ ఉండాయి" అంది ఆ పిల్ల.

ఆయన ఒక పోగు తెంపి, సీడీ నడుమ బొక్కలోంచి దూర్చి ముడేసి, పైన అట్టల పక్కన కట్టాడు. మళ్ళీ గుంటలో కాళ్ళు పెట్టుకుని నాడె విసిరాడు. మగ్గం కదిలినప్పుడల్లా సీడీ మెల్లగా తిరుగుతూ, ఇంకా నేయని పడుగు మీద రంగురంగుల వెలుగు అటూ ఇటూ జరుపుతోంది.