కారం డబ్బా తెలివి

ఇంట్లో కంప్యూటర్ వారం రోజులుగా దానంతటదే ఆగిపోతోంది. వైరస్ అనుకుని ఈ రోజు మా చీరాలలోనే రిపేరు షాపు నడిపే రజియా గారి దగ్గరకు తీసుకెళ్లాను. నేతవాళ్ల కోసం నా భార్య సుజాత గీసిన చీర అంచుల డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. వాటికి ఇంకో కాపీ లేదు.

వైరస్ నిజమే. దాన్ని తీసేశాక డిజైన్ల ఫోల్డర్ తెరిస్తే ఖాళీగా ఉంది. మా ఆవిడ గీసినవన్నీ అందులోనే ఉండాలి, ఇంకోసారి చూడమన్నాను.

రజియా గారు ఇంకాసేపు వెతికారు.

"మాస్టారూ, రీసైకిల్ బిన్‌లో బోలెడు ఫైళ్లున్నాయండి. మామూలుగా అయితే అడక్కుండా ఖాళీ చేసేస్తాను. ఎందుకో తెరిచి చూశా. అన్నీ చీర అంచులే. మేడమ్ గారు వీటిని చెత్తలో వేశారేంటండీ?"

"బంగారు గొలుసు కారం డబ్బాలో దాచిన మనిషమ్మా. దొంగ అక్కడ చెయ్యి పెట్టడని ఆమె ధీమా."

ఆవిడ నవ్వారు. చాలా రోజుల తర్వాత నేనూ నవ్వాను.

ఖాళీ చేసే ముందు తెరిచి చూసినందుకు రజియా గారికి రుణపడి ఉంటాను. డిజైన్లన్నీ రెండు పెన్‌డ్రైవ్‌లలో ఎక్కించి ఇచ్చారు. ఒకటి బీరువాలో పెట్టాను. రెండోది ఎక్కడ పెట్టానో మీరే చెప్పండి.