‘చూద్దాం’ అన్న మాటకు అర్థం

మంగళవారం ఉదయం ఆసుపత్రిలో డ్యూటీకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుంటే, పదో తరగతిలో నా పక్కన కూర్చున్న స్నేహితురాలు ఫోన్ చేసింది.

"టీచరుగారు వెళ్ళిపోయారే," అంది.

"ఎక్కడికి?" అన్నాను.

అవతల వెక్కిళ్ళు వినిపించాయి. అప్పుడు అర్థమైంది. కాఫీ తాగి, పేపరు చదువుతూ ఆవిడ కుర్చీలోనే వాలిపోయారట. కాసేపటికి నా స్నేహితురాలు ముక్కు చీదుకుంటూ, "నీ ప్రశ్న వినుంటే ఆవిడ నీకు సున్నా వేసేవారు," అంది. ఇద్దరం ఏడుస్తూనే నవ్వాం. మాట పైకి ఏమంటోంది, లోపల ఏమంటోంది అని తేడా చెప్పడమే మా తెలుగు టీచరుగారు బతికినన్నాళ్ళూ చేసిన పని.

కంకిపాడులోని మా హైస్కూలుకి ఆవిడ విజయవాడ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. నవ్వు ముందొచ్చేది, మాట తర్వాత వచ్చేది. ఒకరోజు నవ్వుతూనే క్లాసులోకి వచ్చి, "పొద్దున కండక్టరు ‘కంకిపాడు ఎవరండీ, కంకిపాడు!’ అని అరిచాడర్రా. ‘నేనే కంకిపాడు’ అని చెయ్యెత్తి దిగాను. నేను ఊరినా? నాకు పొలాలున్నాయా, సెంటరుందా?" అన్నారు.

మేం పడీపడీ నవ్వుతుంటే బోర్డు మీద రాశారు. కంకిపాడంటే ఊరు, అది వాచ్యార్థం. కంకిపాడంటే అక్కడ దిగే మనిషి, అది లక్ష్యార్థం. ఆ తర్వాత సుద్దముక్క కింద పెట్టి, కిటికీలోంచి చూస్తూ, "వాన వచ్చేలా ఉంది," అన్నారు. "మీ ఇళ్ళల్లో ఈ మాట వినబడితే ఏం చేస్తారు?"

మేడ మీద బట్టలు తీస్తామంది ఒకమ్మాయి. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీద పట్టా కప్పుతామన్నాడు ఒకడు. వెనక బెంచీలోంచి "మా అమ్మ బజ్జీలేస్తుందండీ!" అని వినిపించింది.

"చూశారా, మాట ఒకటే. ఒకళ్ళకి బట్టలు, ఒకళ్ళకి గుండెదడ, వీడికి బజ్జీలు. ఎవరూ పైకి చెప్పని ఈ మూడోదే వ్యంగ్యార్థం. పరీక్షలో రాదు. బతుకులో రోజూ వస్తుంది."

అప్పట్నుంచి ఎవరైనా హోంవర్క్ పుస్తకం ఇంట్లో మర్చిపోయామంటే తిట్టేవారు కాదు. "ఇందులో నేనేది తీసుకోవాలి, మొదటి అర్థమా, మూడోదా?" అని అడిగేవారు. "మూడోదేనండీ," అని ఒప్పుకునేవాళ్ళం.

మూడో అర్థం నాకు నిజంగా గుచ్చుకున్నది పదో తరగతి పాసయ్యాక. ఇంటర్‌లో చేర్చే మాట మా నాన్న ఎత్తనే లేదు. ఆయన మంచివాడే, కానీ విజయవాడంటే భయం. ఆడపిల్ల రోజూ అంత దూరం వెళ్ళి, ఆ బండ్ల మధ్య రోడ్డు దాటడం ఆయన ఊహకే అందలేదు. రెండు వారాలు నేను అన్నం సరిగా తినలేదు. చివరికి అమ్మ టీచరుగారికి కబురు పెట్టింది.

ఆదివారం ఆవిడ వచ్చేసరికి నాన్న పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"అన్నయ్యగారూ, అమ్మాయికి నర్సు కావాలనుందట. బైపీసీలో చేర్పించండి," అన్నారు.

నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "చూద్దాంలెండి టీచరుగారూ," అన్నాడు.

తలుపు వెనక నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మా వైపు ‘చూద్దాంలెండి’ అంటే ‘వద్దు’ అని. మొహం మీద కాదనలేక వాడే మర్యాద. ఆ సంగతి నాకు తెలుసు, అమ్మకి తెలుసు. టీచరుగారికి మా అందరికంటే బాగా తెలుసు.

కానీ ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఎంత చల్లని మాట చెప్పారండీ! అయితే రేపే చూద్దాం. ఎనిమిదింటి బస్సుకి మీరూ, నేనూ, అమ్మాయీ. కాలేజీ చూద్దాం, బస్టాపు చూద్దాం, పిల్లలు రోడ్డెలా దాటుతున్నారో అదీ చూద్దాం."

తువ్వాలు నాన్న గడ్డం దగ్గరే ఆగిపోయింది. "అంటే… నేనన్నది…"

"చూద్దామనేగా అన్నారు?"

"అన్నాననుకోండి…"

"మరింకేం!"

వంటింట్లో అమ్మ నవ్వాపుకోలేక గిన్నె జారవిడిచింది.

మర్నాడు విజయవాడ బెంజ్ సర్కిల్‌లో దిగాం. రోడ్డు దాటాల్సినచోట టీచరుగారు నా వీపు మీద తట్టి, "మీ నాన్నని నువ్వే దాటించు," అని వెనక నిలబడిపోయారు. నాన్న చెయ్యి పట్టుకున్నాను. ఎడ్లకీ ట్రాక్టర్లకీ జంకని ఆ చెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. ఆగుతూ, నడుస్తూ, చెయ్యెత్తి ఆటోలని ఆపుతూ అవతలి వైపుకి చేర్చాను. ఆయన వెనక్కి తిరిగి రోడ్డు వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు.

కాలేజీలో కుళాయిలు తిప్పి చూశాడు. గేటు ఎన్నింటికి వేస్తారో వాచ్‌మన్‌ని అడిగాడు. తిరుగు బస్సులో పోరంకి దాటాక నోరు విప్పాడు. "ఫర్వాలేదు."

టీచరుగారు నన్ను మోచేత్తో పొడిచి, "విన్నావా? మన జిల్లా రైతు నోట్లోంచి అంతకు మించిన మెచ్చుకోలు రాదు," అన్నారు. ఆ వారమే కాలేజీలో చేరాను.

ఆ రోజు ఆవిడ చేసిందేమిటో నాకు చాలా ఏళ్ళకి గాని బోధపడలేదు. లోపలి అర్థం తెలిసి కూడా, పైనున్న అర్థాన్నే గట్టిగా పట్టుకున్నారు. నాన్నని ఓడించలేదు. ఆయనన్న మంచి మాట మీద ఆయన్నే నిలబెట్టారు.

నర్సుగా ఇప్పుడు రోజూ ఆ పాఠమే నడుస్తుంది నాకు. "నాకేం నొప్పి లేదమ్మా," అంటారు పెద్దాయన, గుప్పిట్లో దుప్పటి నలిపేస్తూ. అటువంటివన్నీ డ్యూటీ దిగాక టీచరుగారి ఇంటికి వెళ్ళి చెప్పేదాన్ని. రిటైరయ్యాక ఆవిడకి అవే కబుర్లు. తిన్నావా అంటే తిన్నానండీ అనేదాన్ని. "నీ మాట అలా ఉంది, మొహం ఇంకోలా ఉంది. కూర్చో, పెసరట్టు వేస్తాను," అని లేచేవారు.

ఆవిడని ఆఖరిసారి చూసింది ఆ ఇంట్లో కాదు, పోయిన నెల సిగ్నల్ దగ్గర. నేను స్కూటీ మీద ఉన్నాను, రెండు బండ్ల ముందు ఆటోలో ఆవిడ. పిలుద్దామనుకునేలోగా ఆటోలోంచి తల బయటికి పెట్టి, పక్కనే బండి మీద బత్తాయిలు అమ్ముతున్నతన్ని పిలిచారు. అతని తల మీదుగా, మేడ మీద పళ్ళ డాక్టరు బోర్డు ఉంది. ‘పాత పళ్ళు తీసి కొత్త పళ్ళు పెట్టబడును.’

"ఏం బాబూ, ఆ బోర్డు నీదేనా?" అన్నారు.

అతను తలెత్తి, పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. గ్రీన్ సిగ్నల్ పడింది. ఆటో కదిలిపోయింది. వెనక హారన్లు మోగుతుంటే నేనూ బండి పోనిచ్చాను. అద్దంలో చూస్తే, అతను రెండు చేతుల్లో రెండు బత్తాయిలతో, బేరానికొచ్చిన వాళ్ళని మర్చిపోయి, విరగబడి నవ్వుతున్నాడు.