కుడిపక్క మోత

గంగులప్ప అంబాసిడర్‌ను అమ్మేయమని సలహా ఇవ్వనివాళ్ళు ఆ వీధిలో లేరు. బస్సు నడిపి రిటైరైన మనిషి హాయిగా కూర్చోక, మదనపల్లెలో ఎవరికీ అక్కరలేని పాత కారు కొని, ఆదివారమైతే దాని కిందే పడుకుంటుంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు? కొడుకు మునిశేఖర్ అయితే ముందే హెచ్చరించి పెట్టాడు. "సూపో సెవో తగ్గిందంటే సాలు నాయనా, తాళాలు నా సేతికి రావాల."

గంగులప్ప భయం ఆ మాటతోనే. ఏడాదిగా ఆయన కుడిచెవి పనిచేయడం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇల్లాలు మునిరత్నమ్మకు కూడా. కూలోళ్ళ ఇంట పుట్టి స్టీరింగ్ పట్టిన మనిషి. అది కాస్తా పోతే తనకిక విలువ ఉండదని బెంగ పెట్టుకున్నాడు.

తమ్ముడి కూతురు అశ్వినికి కుప్పంలో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. సోమవారం తన కారులోనే దింపుతానని మాటిచ్చాడు. తీరా ఆ వారంలోనే వెనక చక్రంలో మోత మొదలైంది, తిరగలి విసురుతున్నట్టు. బేరింగ్ పోయింది.

"ఎడమ సక్రం," అని తేల్చేశాడు గంగులప్ప.

"కాదప్పా, కుడిపక్క," అంది ఆయన వెనక సీట్లో ఉన్న మునిరత్నమ్మ. "నా కాళ్ళ కింద నుంచే వస్తాండాది."

"ఇన్నేండ్లు బస్సు నడిపింది నువ్వా, నేనా?"

ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. బస్సెక్కి పుంగనూరు వెళ్ళాడు. పాత సామాన్ల అంగడి ముక్తియార్ దగ్గర ఆ సైజువి ఒక్క జతే మిగిలింది. "మళ్ళా దొరకవన్నా, రెండూ తీసుకుపో," అన్నాడతను. తెచ్చినవాటిలో ఒకదాన్ని పాలకవర్లో చుట్టి, శనివారం రాత్రి ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో పెట్టాడు. చలికి ఇనుము పిసరంత ముడుచుకుంటుంది.

ఆదివారం పొద్దున జాకీ ఎత్తి, చక్రమూ డ్రమ్మూ ఊడదీసి, ఇరుసు లాగి, బేరింగ్ కూర్చునే హబ్‌ను బయటికి తీశాడు. పాత బేరింగ్ తట్టి తీసి, హబ్‌ను మరిగే నీళ్ళలో వేశాడు. వేడి హబ్‌లో చల్లటి బేరింగ్ రెండు దెబ్బలకే ఒదిగిపోయింది. గ్రీజు పట్టించి, అన్నీ బిగించి, మీసం దువ్వుకుంటూ భార్యను ఎక్కించుకుని వీధి దాటాడు. మోత అలాగే ఉంది.

"ఆ ముక్తియార్ డూప్లికేట్ అంటగట్టినాడు," అన్నాడు ఇల్లు చేరగానే. అంతా మేకపోతు గాంభీర్యమే.

మునిరత్నమ్మ ఆయనచేత కారు వెనక భాగమంతా జాకీ మీద లేపించి, స్టాండ్లు పెట్టించింది. కొంగు దోపుకుని కింద కూర్చుని, ఆయన చేతిని ఎడమ చక్రం పక్కనున్న కమాను పట్టీ మీద పెట్టి, తానే చక్రం తిప్పింది. నున్నగా తిరిగింది. కుడిపక్కకు వచ్చి మళ్ళీ అలాగే పెట్టించింది. ఈసారి ఇసుక నమిలినట్టు గరగర ఆయన వేళ్ళలోకి పాకింది.

గంగులప్ప చెయ్యి తీయలేదు, తలా ఎత్తలేదు.

"ఎన్నాళ్ళ నుంచప్పా?" అని మెల్లగా అడిగింది. "కుడిపక్క నుంచి పిలిస్తే పలకవు. కోపమేమో అనుకున్యా."

"శేఖర్‌కు సెప్పొద్దు," అన్నాడు. కళ్ళనీళ్ళు ఆగలేదు.

"సెవికి మిషన్ పెట్టుకుంటే తాళాలు యాల పోతాయి? దాసిపెడితే పోతాయి. ముందు లెయ్. రెండోది తీసుకురా, ఫ్రిజ్‌లో ఉండాది."

"దాన్ని ఎవురు పెట్టినారు?"

"రాత్రి నేనే పెట్టినా. కుడి సక్రమని నీకు సెప్పినా గదా."

గంగులప్పకు సిగ్గేసింది. ఆ వెంటనే నవ్వొచ్చింది. ఎన్నాళ్ళుగానో గుండె మీదున్న బండ దిగినట్టయింది. ఇద్దరూ కలిసి కుడి చక్రం పూర్తిచేశారు.

సోమవారం కారు పుంగనూరు దాటి కుప్పం దారి పట్టింది. ముందు సీట్లో అశ్విని ఒళ్ళో అపాయింట్‌మెంట్ కాగితాలు. వెనకనుంచి ఏ చప్పుడూ లేదు. కానీ ఆ నిశ్శబ్దం బండిదో, తన చెవిదో ఆయనకు తెలియలేదు. దారిలో నోరెత్తొద్దని ఇన్నేళ్ళూ భార్యను కసిరినవాడు, అశ్విని వింటుండగానే అడిగాడు.

"రత్నా, నాకు కుడిసెవి వినపడదు. నువ్వు సెప్పు, మోత ఉండాదా?"

మునిరత్నమ్మ ముందుకు వంగి, ఆయన ఎడమచెవి దగ్గర చెప్పింది. "ఏమీ లేదప్పా. బాగా పోతాండాది. పోనీ."