పది లీటర్ల నీళ్ళు, వంద లీటర్ల లెక్క

మే నెల మొదటి శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు, మార్కాపురంలో మా వీధినంతా ఏడిపించే పని నేను మొదలుపెట్టాను. మాటవరసకు అనడం లేదు. నిజంగానే అందరి కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ఆ రోజు మా వీధికి దొరికిన నీళ్ళు అవే.

ఇప్పుడు నాకు డెబ్భై ఒకటి. అప్పటికి ముప్పై ఆరు నిండి రెండు నెలలు. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. దోసె మాడితే పెనం కడగకుండా సమీకరణం రాసే రకం. ఆ ఏడు ఎంథాల్పీ, ఎంట్రోపీ పాఠం మంచి ఊపుగా చెప్పాను. ఏ చర్యలో వేడి బయటికి వస్తుందో, దేనిలో లోపలికి పోతుందో చెప్పేది ఎంథాల్పీ. అణువుల చిందరవందర పెరుగుతుందా, తగ్గుతుందా అని చెప్పేది ఎంట్రోపీ. రెండూ తెలిస్తే ఏది ఎలా జరుగుతుందో ముందే చెప్పవచ్చునని పిల్లలకు చెప్పాను. పిల్లలు నమ్మారో లేదో గానీ నేను పూర్తిగా నమ్మాను.

మా పక్కింటి సువార్తమ్మ మా కాలేజీ ల్యాబులోనే అటెండరు. ఆమె కూతురు గిద్దలూరులో ఉండేది. కాన్పు అక్కడి ఆసుపత్రిలోనే అయింది. సువార్తమ్మ పాపను పుట్టిన రోజున చూసి వచ్చిందంతే, నాలుగో నెల వచ్చినా మళ్ళీ ఎత్తుకోలేదు. ఆదివారం తల్లీబిడ్డా మొదటిసారి వస్తున్నారు. ఈలోపల ఇంటికి వెల్లవేయాలని సువార్తమ్మ పది కిలోల రాతిసున్నం తెచ్చి పెట్టుకుంది.

"సువార్తక్కా, ఇంకా తడపలేదేం?" అన్నాను.

"మా తమ్ముడు రేపు ఇనుప డ్రమ్ము తెస్తానన్నాడు మేడమ్మా."

"రేపు తడిపితే ఎప్పుడు కొడతావు, ఎప్పుడు ఆరుతుంది? నీ నీలం డ్రమ్ము ఖాళీగానే ఉంది కదా."

"అది ప్లాస్టిక్కు గదమ్మా. సున్నం ఉడుకుతాది. మా నాయన ఎప్పుడూ గుంత తవ్వి పోసేటోడు."

"మన వీధిలో తవ్వితే పలకరాయి వస్తుంది గానీ గుంత రాదు. ఉండు, లెక్క చేస్తాను."

నోటుబుక్కు తెచ్చాను. పది కిలోల సున్నం, వంద లీటర్ల నీళ్ళు. వేడి ఇరవై ఎనిమిది డిగ్రీలు పెరుగుతుంది. ఎండకు నీళ్ళు ముందే ముప్పై అయిదు, మొత్తం అరవై మూడు. చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, డ్రమ్ముకు ఏమీ కాదు. ఇక ఎంట్రోపీ. రాయీ నీళ్ళూ కలిసి పిండి అవుతాయి, అంటే చిందరవందర తగ్గి అంతా కుదురుకుంటుంది. పక్కన 'సురక్షితం' అని రాసి కింద రెండు గీతలు గీశాను.

"వంద లీటర్లు యాడున్నాయమ్మా? ఇంట్లో ఉండేది పది."

"నాలుగు గంటలకు ట్యాంకరు వస్తుంది కదా. ఇప్పుడు ఈ పదీ పోద్దాం, మిగతా తొంభై వచ్చినాక పోద్దాం."

"మరి నాకు తాగే నీళ్ళు దేంట్లో పట్టుకోవాల?"

"నా డ్రమ్ములో పట్టుకో."

చదివేవాళ్ళకు ఇక్కడే నవ్వు వచ్చి ఉంటుంది. నాకు రాలేదు. వారానికి రెండుసార్లు ట్యాంకరు మొహం చూసే ఊళ్ళో నీళ్ళు వాయిదాల మీద పోయడం అలవాటు. సున్నానికి ఆ అలవాటు లేదని, వేడంతా ఆ పది లీటర్లలోనే కక్కుతుందని తోచలేదు.

పోశాను. అయిదు నిమిషాలు చప్పుడు లేదు. "చూశావా అక్కా" అన్నాను. ఆ మాటకోసమే కాచుకున్నట్టు గడ్డలు టపటపా పగిలాయి. ఆవిరి లేచింది. డ్రమ్ము పొట్ట పెళ్ళిభోజనం చేసినవాడిలా ఒక పక్కకు ఒరిగింది.

ఎదురింట్లో గిన్నెలకు కలాయి పెట్టే మస్తాన్ అన్న తొంగి చూశాడు. "ఏంది చెల్లెమ్మా, ఊరందరికీ వండుతుండారా?"

"అన్నా, నీ దగ్గర నవాసాగరం ఎంతుంది?"

"కిలోన్నర ఉంటాది. ఎందుకు?"

"అది నీళ్ళలో కరిగితే వేడిని పీల్చేసుకుంటుంది. చల్లబడుతుంది."

"నేను గిన్నె మీద చిటికెడు చల్లితేనే పొగ ముక్కులో గుచ్చుతాది చెల్లెమ్మా."

"అది వేరు, ఇది వేరు. తే అన్నా."

అది పీల్చే వేడి ఎంత, సున్నం కక్కే వేడి ఎంత అని లెక్క చేయలేదు. నా జన్మలో లెక్క చేయని నిమిషం అదొక్కటే. చేసి ఉంటే పాతికో వంతు కూడా రాదని తెలిసేది. అంతకన్నా సిగ్గుచేటు ఇంకోటి ఉంది. సున్నమూ నవాసాగరమూ, అంటే అమ్మోనియం క్లోరైడూ, కలిపి వేడిచేస్తే అమ్మోనియా వాయువు వస్తుంది. ఈ ముక్క నేనే ఏటా బోర్డు మీద రాసి, రాని పిల్లల్ని నిలబెట్టేదాన్ని.

కిలోన్నరా కుమ్మరించాను. ట్యాంకరు కోసం బిందెలతో నిలబడిన ఆడవాళ్ళు బిందెలు వదిలేసి కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని పరుగెత్తారు. మస్తాన్ అన్న తలుపు వేసుకున్నాడు.

సువార్తమ్మ దగ్గుతూ అన్నది: "మేడమ్మా, ఇది మన ల్యాబు వాసన గదా. మీరు కిటికీలన్నీ తెరవమనే పాఠం."

"అవునక్కా."

"చిందరవందర తగ్గుతాదంటిరే."

వాయువు పుడితే ఎంట్రోపీ పెరుగుతుంది. వీధిలో దొర్లుతున్న బిందెలే ఆ మాట చెబుతున్నాయి.

నాలుగు గంటల అయిదు నిమిషాలకు ట్యాంకరు వచ్చింది. డ్రైవరు సందు మొదట్లోనే ముక్కు మూసుకుని, "ఏందో గ్యాసు లీకయింది, నేను రాను" అని బండి వెనక్కి తిప్పుకుని పోయినాడు. మళ్ళీ మా వంతు మంగళవారం. బండి అటు తిరగగానే డ్రమ్ము అడుగు ఊడి సున్నం వాకిట్లో పరుచుకుంది.

సాయంత్రం సువార్తమ్మ టెలిఫోను బూత్ నుంచి గిద్దలూరుకు ఫోన్ చేసింది. నేను బయట నిలబడ్డాను. "ఆదివారం వద్దులే తల్లీ. ఇంట్లో నీళ్ళు లేవు. పసిబిడ్డతో ఏం అగచాట్లు పడతావు. బుధవారం రా" అని చెప్పింది. నా పేరు ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

తిరిగి వస్తుంటే, "నన్ను తిట్టక్కా" అన్నాను.

"ఎందుకు తిట్టాల? మీ లెక్కలో వంద లీటర్లు బాగనే ఉన్నాయి మేడమ్మా. డ్రమ్ములోనే లేవు."

నా డ్రమ్ము ఆ రాత్రే ఆమె వాకిట్లో పెట్టి వచ్చాను. ఆ రోజే ఒక ప్రమాణం కూడా చేశాను, నేటికీ దానికి కట్టుబడే ఉన్నాను: కంటి ముందు లేని నీళ్ళను లెక్కలో పోయను. సున్నం ఉన్న ఇంటికి తాంబూలానికి పిలిచినా సరే, పెన్నూ కాగితమూ పట్టుకుని పోను.

పోయినవి ఇవి. నీలం డ్రమ్ము ఒకటి. సున్నం పది కిలోలు. నవాసాగరం కిలోన్నర. వీధికి ఒక ట్యాంకరు నీళ్ళు. సువార్తమ్మకు మనవరాలితో మూడు రోజులు. ఆ మూడింటిలో సోమవారం ఉంది. సోమవారం ఉదయం పాప గిద్దలూరులో మొదటిసారి బోర్లపడింది.