రాగి తీగ చుట్టిన తుపాకీ

తుప్పు మీద కిరసనాయిలు వాసన తగిలితే సిరవార దగ్గరి మా పొలం గుర్తొస్తుంది. కాలువ నీళ్ల కోసం చదును చేస్తుంటే మట్టిలోంచి పాత తుపాకీ బయటపడింది. నాన్న దాన్ని కిరసనాయిలుతో తుడిచి, "కింద ఈ పిడేంటో!" అన్నాడు.

కూలికొచ్చిన నరసమ్మ వంగి చూసింది.

"అది గుంజి ఒక్కొక్క తూటా పెట్టాలె అయ్యా. నిజాం ఫౌజుది. అండ్ల పనిజేసిన మా ఆయనది. పగిలిన కట్టెకు గీ రాగి తీగ నేనే సుట్టిన. పోలీసు యాక్షనప్పుడు పోయిండు, మళ్ల రాలే."

తుపాకీని ముట్టుకోకుండా, అది దొరికిన చోట చేతులతో తవ్వసాగింది. తూటాల కోసమనుకుని నేనూ గౌను మట్టి చేసుకుంటూ తవ్వాను. తెల్లటి ముక్కేదో తగిలితే, "తూటా కాదులే" అని గట్టు మీదికి విసిరేశాను. నరసమ్మ వెళ్లి దాన్ని వెతికి తెచ్చుకుని కొంగున ముడేసుకుంది.

ఆమె దేనికోసం తవ్విందో నాకు అర్థమయ్యేసరికి, ఆ మడిలో పండిన అన్నం ఎన్నో ఏళ్లు తినేశాను.