కుప్పం దారిలో జర్మనీ జెండా

మా చిన్నప్పుడు... బస్సు కిటికీలోంచి నల్లగుడ్డ ఎగిరితే పోలీసులు విజిల్ ఊదే రోజులు. మా బస్సుకూ ఊదారు.

పుంగనూరులో మిషన్ హాస్టల్లో ఉండి ఏడో తరగతి చదువుతున్నా. కుప్పంలో ఒక పోటీ పెట్టారు. ఒక్కో బడికి ఒక్కో దేశం. ఆ దేశంలో ప్రభుత్వం ఎలా నడుస్తుంది, జెండా ఏది, చిహ్నం ఏది... అన్నీ మైకులో చెప్పాలి. చీటీలు తీస్తే మాకు జర్మనీ వచ్చింది.

మాట్లాడేది నేను. బొమ్మ పట్టుకునేది నా స్నేహితురాలు రత్న. నన్ను పంపడం బడిలో చాలామందికి ఇష్టం లేదు. "ఆ పిల్ల నోరు తెరిస్తే ఉండాది, ఉండాడు తప్ప ఇంకోటి రాదు, టౌను పిల్లని పంపండి" అన్నారు. సోషల్ చెప్పే సుగుణ టీచరు ఒక్కరే పట్టుబట్టి, "ఈ పిల్లే పోతాది" అన్నారు. ఆ మాటతో నాకు పంతం పట్టుకుంది. ఏమైనా సరే, ఆ మైకు ముందు నిలబడాల్సిందే అనుకున్నా.

జెండా మా అమ్మ కుట్టింది. అమ్మ మదనపల్లెలో మిషన్ ఆస్పత్రిలో ఆయా. నలుపేమో విరిగిపోయిన గొడుగు గుడ్డ... ఎరుపేమో ఆస్పత్రిలో చిరిగి పక్కన పడేసిన కంబళి ముక్క... కింద బంగారు రంగుకు నాయన పాత పంచె చింపి పసుపు నీళ్లలో ముంచింది. దగ్గరికి పోతే వంటింటి వాసన వచ్చేది ఆ జెండా!

రత్న అట్టమీద నల్ల గద్దను గీసింది. ఎర్ర ముక్కు, ఎర్ర గోళ్లు. అది జర్మనీవాళ్ల జాతీయ చిహ్నం. బస్సెక్కగానే పక్కసీటు అవ్వ చూసి, "కోడి బాగుండాది పాపా" అంది. రత్న ముఖం మాడిపోయింది. (పెద్దయ్యాక తెలిసింది, వాళ్ల పార్లమెంటులో గోడకున్న గద్దను ఆ దేశస్తులే 'లావు కోడి' అని ఆటపట్టిస్తారట. అవ్వ తప్పేం లేదు!)

జెండా మడతలు పడకూడదని ఒళ్లో వదులుగా పెట్టుకున్నా. కిటికీ పక్క సీటు... గాలికి గొడుగు గుడ్డ కొసంతా బయటికి ఎగిరింది. సరిగ్గా ఆ పొద్దే ఆ దారిన మంత్రి వస్తున్నాడు. ఎవరో నల్ల జెండాలు చూపిస్తారని అడుగడుక్కీ కాపలా.

విజిల్ వినపడింది. బస్సు ఆగింది. మీసాల కానిస్టేబులు ఒకాయన పైకొచ్చి, నన్నూ, రత్ననీ, తోడొచ్చిన సుగుణ టీచర్నీ కిందికి దించి, జెండా విప్పి చూశాడు.

"నలుపు, ఎరుపు, పసుపు... ఇదే పార్టీమ్మా?"

"పార్టీ కాదు సార్, జర్మనీ దేశం జెండా" అన్నారు టీచరు.

"జర్మనీ జెండాతో కుప్పంలో మీకేం పని?"

ఆయన్నేం అంటాం! నల్లగుడ్డంటే నిరసన అని తప్ప, అది ఒక దేశం నెత్తిన పెట్టుకున్న రంగని మా పక్క ఎవరికి తెలుసు? "ఈడ పెట్టి పోండి, తిరిగొచ్చేటప్పుడు తీసుకోండి" అన్నాడు. డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు. టీచరుకు పోటీ దాటిపోతుందని భయం. "పోనీలే, జెండా లేకుండా చెబుదువు రా" అన్నారు.

నేను కదల్లేదు. "జెండా లేకుండా నేను రాను."

"మొండోడు రాజు కంటే బలవంతుడని ఊరికే అన్లేదు" అని టీచరు తల పట్టుకున్నారు. కానిస్టేబులు నావైపు వంగి, "అయితే చెప్పు సూద్దాం, ఆ దేశం సంగతేందో" అన్నాడు.

నెలరోజులు బట్టీ పట్టిన పుస్తకం మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. ఇంట్లో మాట్లాడినట్టే మొదలుపెట్టా.

"జర్మనీలో పదహారు రాష్ట్రాలు ఉండాయి సార్. ఒక్కో రాష్ట్రానికి ఒక ప్రభుత్వం ఉండాది, అన్నిటినీ కలిపి పెద్ద ప్రభుత్వం ఒకటి ఉండాది. రాజు లేడు. రాష్ట్రపతి ఉండాడు గానీ పెత్తనం ఆయనది కాదు. పనులు జరిపించేది ఛాన్సలరు... మనకు ప్రధానమంత్రి మాదిరి. ఆయన్ని పార్లమెంటోళ్లు ఎన్నుకుంటారు. పార్లమెంటోళ్లను జనం ఎన్నుకుంటారు."

బస్సు కిటికీల్లో తలలు లేచాయి. హారన్ ఆగింది. అవ్వ పైనుంచే అరిచింది... "ఆడోళ్లకీ ఓటు ఉండాదా పాపా?"

"ఉండాదవ్వా."

"కూలోళ్లకో?"

"అందరికీ సమానమే అవ్వా."

కానిస్టేబులు గడ్డం గోక్కున్నాడు. "అంతా బాగుండాది గానీ, ఆ నలుపు తీసేసి ఇంకో రంగు ఏసుకోగూడదా?"

"వాళ్ల జెండా సార్. దాన్ని మనమెట్ట మారుస్తాం?"

ఆయన పెద్దగా నవ్వేశాడు. నలుపు లోపలికి, పసుపు పైకి వచ్చేట్టు తనే మడిచి నా చేతిలో పెట్టాడు. "కుప్పం చేరేదాకా ఇప్పొద్దు. మైకులో గూడా ఇట్టే చెప్పు తల్లీ" అన్నాడు.

కుప్పం చేరేసరికి చివరి బడి చెబుతోంది. టీచరు బతిమాలితే మమ్మల్నీ పిలిచారు. దారిలో చెప్పినట్టే చెప్పా, ఉండాది, ఉండాడులతోనే. ముందు వరుసలో కొందరు కిసుక్కుమన్నారు. నేను ఆపలేదు. ఆఖరి మాట దాకా చెప్పాకే కిందికి దిగా. ప్రైజు జపాన్ చెప్పినోళ్లకి పోయింది. నాకు ఏడుపు రాలేదు... నిజంగా రాలేదు.

ఇప్పుడు ఏ దేశం జెండా కావాలన్నా ఫోన్లో క్షణంలో వస్తుంది. దాన్ని కుట్టడానికి గొడుగు చింపే పని లేదు. మా అమ్మాయి ఇంగ్లీషులో గడగడా చెప్పేస్తుంది కూడా... కానీ ఒక పిల్ల ఏదో చెబుతోందని బస్సంతా హారన్ ఆపి, తలలు బయటపెట్టి విన్న ఆ కాసేపు మాత్రం నాకు మళ్లీ ఎక్కడా కనపడలేదు.

మీ మాటను మీ మాటలాగే మొదటిసారి ఆగి విన్నది ఎవరు? చెప్పండి... ఏ యాసలో చెప్పినా వింటాను.