దానమిచ్చిన ఫోను, మా అమ్మ ఆఖరి రిటర్ను

మా అమ్మ పోయింది. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు తల ఆనించింది. మళ్ళీ ఎత్తలేదు. ఈ కబురు ఇంకా అందనివాళ్ళుంటే ఈ నాలుగు ముక్కలతోనే తెలుసుకుని మన్నించాలి. నాకే డెబ్బై దగ్గర పడుతున్నాయి. అయినా తల్లి పోతే వయసుతో పనేముంది? దిక్కులేనివాణ్ణయ్యాను.

బొల్లాపల్లి వైపు పల్లెల్లో పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. ఆమె కడుపున పుట్టి నేను ఏడో తరగతి గట్టెక్కలేదు, రాళ్ళ లారీ తోలుకుని బతికాను. ఒక్కనాడైనా చులకన చేసిందా, మహాతల్లి! ఒంటిజడతో, రెండో పక్క జుట్టు విరబోసుకుని బడికొచ్చిన పిల్లను గుమ్మంలోనే ఆపి, తానే అల్లి లోపలికి పంపేదట. సగం పని చూస్తే ఆమెకు ఊపిరాడేది కాదు.

పెన్షనుకూ, ఇంటి అద్దెకూ కలిపి ఏటా ఇన్‌కంటాక్స్ రిటర్ను తానే ఫోనులో వేసుకునేది. "ఇంత వయసులో నీకెందుకే అమ్మా, ఎవరడగొచ్చారు?" అంటే, "అడక్కముందు చెప్తే నిజంరా. అడిగినాక చెప్పేది సంజాయిషీ" అనేది. ఈ ఏడు రిటర్ను సగంలో ఉండగా వెళ్ళిపోయింది.

నరసరావుపేటలో ఒక ఆడిటర్ దగ్గర పనిచేసే నా కూతురు చెప్పింది. "ఇంక నానమ్మ వేసినట్టు వెయ్యకూడదు నాన్నా. వారసుడిగా నమోదై నువ్వే వెయ్యాలి." ఆ నమోదు ఎట్లాగో అయింది. పెన్షను వివరాల కాగితం మాత్రం అమ్మ మెయిల్లో ఉండిపోయింది. మెయిలు తెరవాలంటే కోడు అమ్మ ఫోనుకే వస్తుంది.

"ఫోనేది నాన్నా?"

ఉన్నదున్నట్టు చెప్పేశాను. పెద్దకర్మనాడు పురోహితుడికి దానమిచ్చేశాం. పోయినవాళ్ళు వాడుకున్న వస్తువులు ఇస్తే పైన వాళ్ళకందుతాయి కదా. చెప్పులు, గొడుగు ఇచ్చాక మా చిన్నమ్మ పట్టుబట్టింది. "ఫోనియ్యకపోతే ఎట్టారా? అక్క దాన్నొదిలి గంటన్నా ఉందా?" సిమ్ము తీద్దామన్నాను. "తీస్తే ఇంకేం మోగిద్దిరా, బుద్ధిలేనోడా!" అంది. ఏడుస్తున్నవాళ్ళంతా ఫక్కున నవ్వారు.

ఇదంతా విని నా కూతురు మాత్రం నవ్వలేదు. "సిమ్ముతో సహానా! గడువు నాలుగు రోజులే ఉంది. పెన్షనాఫీసు చుట్టూ తిరిగి ఆ కాగితం తెచ్చుకునేసరికి దాటిపోద్ది."

ఇచ్చిన దానం వెనక్కి అడిగితే అమ్మకు అందింది లాక్కున్నట్టే. అడక్కపోతే ఆమె ఆఖరి పని సగంలో ఆగిపోతుంది. రెండు పూటలు ఎటూ తేల్చుకోలేకపోయాను. మూడో పూట కూతుర్ని తీసుకుని ఎడ్లపాడు దగ్గర పురోహితుడి ఇంటికి పోయి, తల దించుకుని సంగతి చెప్పాను. ఆయన లోపలికి పోయి ఫోను తెచ్చాడు. నేను చెయ్యి చాపాను.

"ఆగవయ్యా. ఇచ్చింది మళ్ళా నీ చేతికి రాకూడదు. నా దగ్గరే ఉంటది. నంబరొస్తే చదువుతా, చాలదూ?"

అరుగు మీద కూర్చున్నాం. నంబరొచ్చింది. ఆయన ఒక్కో అంకె గొంతెత్తి చదివాడు. ఒక్కోటీ నేను వెంట పలికాను, కర్మలో మంత్రం చెప్పినట్టే చెప్పాను. నా కూతురు ల్యాప్‌టాప్‌లో కొట్టింది. మెయిలు తెరుచుకుంది. పురోహితుడు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ధర్మాత్ముడి కాళ్ళకు నూరుసార్లు మొక్కినా తక్కువే.

గడువుకు ఒకరోజు ముందు రిటర్ను చేరింది. నా కూతురు, బంగారుతల్లి, ఇంటికొచ్చి, చేరినట్టు కాగితం నా చేతిలో పెట్టింది. అందులో మా అమ్మ పేరు, వారసుడని నా పేరు. ఏడో తరగతి తప్పినవాడి పేరు పంతులమ్మ పేరుతో ఒకే కాగితం మీద! నా సంతోషం ఏమని చెప్పను! ఒళ్ళు తెలియలేదు. చెప్పులైనా విడవకుండా, "అమ్మా, అయిపోయిందే!" అని అరుస్తూ ఆమె గదిలోకి పోయాను.

మంచం ఎత్తి పక్కకు నిలబెట్టి ఉంది. నవారు విప్పేశారు. ఆ ఖాళీ చట్రంలోంచి, అవతలి గోడ సున్నం మీద, ఆమె రోజూ తల ఆనించుకున్న చోట నూనె మరక గుండ్రంగా కనిపించింది.